పాతిల్లా, కొత్తిల్లా?

పేరు ఏదైతేనేం, వరద కంట్రోల్ రూమ్‌లో అందరికీ ఆమె పటాలమ్మే. ఊళ్లో ప్రతి ఇల్లూ, ప్రతి సందూ, ప్రతి మురుగుకాలువా ఎక్కడుందో చూపించే మ్యాపుల సర్వర్ బాగోగులు ఆమెవి. ఆపదలో ఉన్నవాళ్లు ఫోన్ చేసి ఇంటి నంబరు చెబితే ఆ ఇంటి మీద ఎర్ర చుక్క వెలుగుతుంది. ఆ చుక్క పట్టుకునే అంబులెన్సు వెళ్లాలి, ఫైరింజను వెళ్లాలి, ఏరు పొంగితే బోటు వెళ్లాలి. ఏడేళ్లుగా ఆ చుక్కలకు కాపలా కాస్తోంది. పెళ్లి మాట ఎత్తినవాళ్లతో, ముందు నా సర్వర్‌కి ఒక దారి చూపించండి, తరువాత నాకు చూద్దురుగాని అని నవ్వేసేది.

ఆ సర్వర్ నిజంగానే ముసలిదైపోయింది. మామూలు రోజుల్లో మూలుగుతూనైనా నడిచేది గానీ, వాన పడి నలుగురు ఒకేసారి మ్యాపు అడిగితే నాలుగోవాడికి తెల్లటి తెర తప్ప ఏమీ కనపడేది కాదు. కొత్త వెర్షన్ వేద్దామని ఆమె అంటే, కంట్రోల్ రూమ్ అధికారి పెద్దసారు "నడిచే బండికి చక్రం ఎందుకమ్మా విప్పడం" అని దాటవేసేవారు. ఆమె పట్టు విడవలేదు. ఒకరోజు ఆయన భోజనం డబ్బా మూత తీయకముందే ఎదురుగా కూర్చుని, కొత్తగా ఏమేం వచ్చాయో చెప్పడం మొదలుపెట్టింది. ఇకమీదట సిగ్నల్ పోయినా బోటువాళ్ల ట్యాబ్‌లలో మ్యాపు చెక్కుచెదరకుండా నిలిచి ఉంటుందంది. తలో మూలా పడి ఉన్న ఇళ్ల వివరాలన్నీ ఒకే పట్టికలోకి చేరిపోతాయి, ఇక వెతుకులాట రెప్పపాటులో అయిపోతుందంది. అన్నిటికంటే ఆమె మనసు దోచింది మరొకటుంది. పాతకాలపు సర్వే కొలతలకూ ఇప్పటి ఉపగ్రహాల కొలతలకూ తేడా ఉంది. పాత పటాన్ని ఆకాశం నుంచి తీసిన ఫోటో మీద పరిస్తే ఇళ్లు పక్కకు జరిగి కనపడతాయి. ఏ పటాన్ని ఏ కొలతతో వేశారో దాని మీద చీటీ అంటించినట్టు రాసి ఉంటుంది. కొత్త వెర్షన్ ఆ చీటీ చదివి, తేడాను తనంతట తానే సరిచేసుకుంటుంది.

"అంటే మనం చెయ్యాల్సిందేమీ లేదా?" అన్నారు పెద్దసారు.

"ఏమీ లేదు సార్. అదే చూసుకుంటుంది."

ఆయన భోజనం చేసి, చేతులు కడుక్కుని వచ్చి, సరే కానివ్వమన్నారు.

అప్‌గ్రేడ్ సాఫీగా సాగిపోయింది. పరీక్షించడానికి ఆమె ఊరి చివరి కొత్త కాలనీ తెరిచింది. అక్కడ ఇళ్లు విడివిడిగా, ఫోటోలో గీత గీసినట్టు కనపడతాయి. ప్రతి చుక్కా ప్రతి కప్పు నడిమధ్యన, కుంచెతో బొట్టు పెట్టినట్టు కూర్చుంది. ఏటి ఒడ్డున ఉన్న పాతపేట మీద కూడా ఒకసారి అలా చూపు తిప్పింది. అక్కడివి గోడకు గోడ ఆనుకున్న ఇళ్లు. చుక్కలన్నీ కప్పుల మీదే ఉన్నాయి. ఆమె మురిసిపోయింది. ఆఫీసులో అందరికీ టీలు తెప్పించింది కూడా.

వాన ఆ వారంలోనే పట్టుకుంది. ఎగువన ఆనకట్ట నిండి గేట్లన్నీ ఎత్తేశారు. పొద్దున కాఫీల వేళకు గట్టు తాకిన నీరు, భోజనాల వేళకు పాతపేట వీధుల్లో మనిషి మునిగే లోతుకు చేరింది. కరెంటు తీసేశారు, కంట్రోల్ రూమ్ జనరేటరు మీద నడుస్తోంది. ఇంటర్నెట్ పోయింది. ఫోన్లలో మాటలు మాత్రం తెగుతూ అతుకుతూ వస్తున్నాయి. పొరుగూళ్ల నుంచి బోట్లు వచ్చాయి గానీ, వాటిలోని మనుషులకు ఈ ఊరు కొత్త. సందుల పేర్లు తెలియవు, తెలిపే పలకలు నీళ్ల అడుగున ఉన్నాయి. చేతిలో ట్యాబ్, అందులో మ్యాపు, వైర్‌లెస్‌లో చెప్పిన ఇంటి నంబరు కొడితే వెలిగే ఎర్ర చుక్క. వాళ్లకు తెలిసిన ఊరు అంతే.

మొదటి కబురు బోటు మేస్త్రీ దగ్గర్నుంచి వచ్చింది. బోట్లన్నిటికీ అతనే పెద్ద. వైర్‌లెస్‌లో మాట్లాడుతున్నా ఏటి అవతలి ఒడ్డుకు వినపడేలా మాట్లాడే మనిషి. చుక్క దగ్గరికి వచ్చామనీ, ఇక్కడ తాళం వేసిన కొట్టు తప్ప నరమానవుడు లేడనీ చెప్పాడు. అదే సమయానికి పక్క కుర్చీలో ఫోన్లు ఎత్తే అమ్మాయి చెవిలో, ఆ ఇంటి ముసలాయన ఏడుస్తున్నాడు. బోటు చప్పుడు వినపడుతోందట, మా వీధిలోకి మాత్రం రావడం లేదంటాడు. మేస్త్రీ సందు మారాడేమో అనుకున్నారు. కాసేపటికి రెండో బోటువాళ్లు అదే మాట అన్నారు. ఈలోగా కొత్త కాలనీ నుంచి ఫోన్ వస్తే, బోటు సూటిగా ఆ గుమ్మం ముందుకే వెళ్లి ఇంటిల్లిపాదినీ దింపుకొచ్చింది. ఆ వెంటనే పాతపేటలో మళ్లీ ఖాళీ ఇల్లు.

పటాలమ్మ తెర మీద పాతపేటను పెద్దది చేసి చూసింది. చుక్కలు కప్పుల మీదే ఉన్నాయి. ఎంత చూసినా కప్పుల మీదే ఉన్నాయి. తనకు ముందు ఆ కుర్చీలో పనిచేసి రిటైరైన మాస్టారికి ఫోన్ చేసింది.

"మాస్టారూ, పాతపేట ఇళ్ల పటం మీరు ఎక్కించిందే కదా. దాన్నెప్పుడైనా కదిపారా?"

ఆయన మెల్లగా చెప్పుకొచ్చారు. అప్పట్లో ఆ పటం ఫోటో మీద కుదరలేదట. ఇళ్లన్నీ పడమరకు జరిగి, ముందు వరస పోయి ఏట్లో పడిందట. పైవాళ్లు చూడ్డానికి వస్తున్నారని హడావుడి. సర్వర్‌కు సరిచేయడం రాదు. అందుకని చుక్కలన్నిటినీ ఒక్క పట్టున తూర్పుకు జరిపి కప్పుల మీద కూర్చోబెట్టేశారు.

"చీటీ మాత్రం మార్చలేదమ్మా. పాత కొలత అనే ఉంచేశా. దాన్ని చదివేదెవరులే అనుకున్నా."

చదివేది ఇప్పుడు వచ్చింది. చేత్తో ఒకసారి సరిచేసిన ఇళ్లను, చీటీ చూసి ఇంకా సరిచేయలేదనుకుని, కొత్త వెర్షన్ మరోసారి సరిచేసింది. పాతపేట ఇళ్లు రెండు వీధుల మేర తూర్పుకు జరిగిపోయాయి. ఇరుకు పేట కాబట్టి, తప్పుడు చుక్క కూడా ఎవరిదో ఒకరి కప్పు మీదే పడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడమంటే ఇదే.

విషయం చెప్పగానే పెద్దసారు ఆమెను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది. తెలిసిపోయింది కదా, అన్నిటినీ రెండు వీధులు వెనక్కి జరిపెయ్ అన్నారు. అలా కుదరదని ఆమె చెప్పింది. పాతపేటలో పడగొట్టి మళ్లీ కట్టుకున్న ఇళ్లు బోలెడున్నాయి. వాటి చుక్కలు ఈ ఏడేళ్లలో ఆమె స్వయంగా పెట్టినవి, కొత్త కొలతతో. అవి సరిగ్గానే ఉన్నాయి. పాతవీ కొత్తవీ ఒకే పట్టికలో కలిసిపోయినప్పుడు ఆ చీటీలు రాలిపోయాయి. ఇప్పుడు ఏ చుక్క తప్పో ఏది ఒప్పో సర్వర్‌కు తెలియదు, ఆమెకూ తెలియదు. తెలిసినా ట్యాబ్‌లలో దిద్దడానికి లేదు. సిగ్నల్ పోయినా మ్యాపు నిలిచి ఉంటుందని ఆమె గొప్పగా చెప్పుకున్న సౌకర్యం, తప్పు మ్యాపును ట్యాబ్‌లలో రాయిలా నిలబెట్టింది. ఇక్కడ దిద్దినా అక్కడికి చేరదు.

అప్‌గ్రేడుకు ముందు తీసిపెట్టిన కాపీ ఒకటుంది. అందులో పాతవి వేరు, కొత్తవి వేరు. అది దొరికితే ఏ ఇంటికి ఎటు వెళ్లాలో చూసి బోట్లకు నోటితో చెప్పొచ్చు. ఆ డిస్కు కింది అంతస్తు స్టోరు గదిలో, ఇనప బీరువాలో ఉంది. ఆమె మెట్లు దిగి పరుగెత్తింది. ఆఫీసు జీపు డ్రైవరు వెనకే వచ్చాడు. మెట్ల కింద నీళ్లు అప్పటికే నడుము లోతు. ఇద్దరూ భుజాలు ఆనించి తలుపు తోశారు. లోపలి నీటి బరువుకు అది చెట్టు మొద్దులా నిలబడింది తప్ప కదల్లేదు. డ్రైవరు ఇనప కడ్డీ తెచ్చి గడియ విరగ్గొట్టాడు. తలుపు జానెడు తెరుచుకునేసరికి లోపల బీరువా బోర్లా పడి, నీళ్లలో కనపడకుండా ఉంది. ఆమె ఆ సందులోంచి చెయ్యి పెట్టి గాలిని పట్టుకుంటున్నట్టు తడుముతూనే ఉంది. "పైకి రండమ్మా, మీరు కూడా పోతే ఆ బోట్లకి చెప్పేవాళ్లుండరు" అని డ్రైవరు రెక్క పట్టి లాక్కొచ్చాడు.

తడిబట్టలతోనే ఆమె ఫోన్ల దగ్గర కూర్చుంది. ఒక్క దారి మిగిలింది. సర్వర్‌కు తెలియనిది ఆ ఇంట్లో ఉన్నవాళ్లకు తెలుసు. పాతిల్లయితే, ట్యాబ్‌లో చుక్క ఎక్కడ కనపడితే అక్కడి నుంచి పడమరకు రెండు వీధులు వెళ్లమని బోటుకు నోటితో చెప్పాలి. కొత్తదైతే చుక్క మీదికే వెళ్లమనాలి.

"అయ్యా, మీ ఇల్లు పాతదా? ఈ ఏడేళ్లలో పడగొట్టి కట్టుకున్నదా?"

"పీకల్లోతు నీళ్లలో ఉంటే ఇల్లెప్పుడు కట్టారంటారేంటమ్మా. కొంటారా ఏంటి?"

"చెప్పండి. దాన్ని బట్టే బోటు పంపాలి."

"మా తాత కట్టించిందమ్మా," అన్నాడతను, ఏడుపు గొంతుతో.

బోటు రెండు వీధులు పడమరకు వెళ్లింది. మేస్త్రీ గొంతు గట్టిగా వినపడింది. దొరికారు. మేడ మీద అయిదుగురు, ఒక మేక. గదిలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు, తరువాతి ఫోన్ ఎత్తారు. అలా మధ్యాహ్నమంతా సాగింది. పాతిల్లా, కొత్తిల్లా? ఒకరు బూతులు తిట్టారు. ఒకావిడ, అత్తాకోడళ్లు కొట్లాడి ఇల్లు రెండుగా చేశారనీ, సగం పాతదీ సగం కొత్తదనీ వివరంగా చెప్పుకొచ్చింది. మాట పూర్తవకుండానే తెగిపోయిన ఫోన్లూ ఉన్నాయి. వాటికి చుక్క దగ్గరికి ఒకసారి, రెండు వీధుల అవతలికి ఒకసారి పంపాల్సి వచ్చింది. ఒక వీధిలోంచి పక్క వీధిలోకి వెళ్లడం మామూలప్పుడు అడుగుదూరం. ఇప్పుడు అడ్డంగా తెగిన తీగలు, కూలిన గోడలు, సుడులు తిరిగే నీళ్లు. చుట్టూ తిరిగి రావాలి. తప్పు వీధికి పంపిన ప్రతిసారీ ఎక్కడో ఒక మెట్టు మునిగిపోతోందని ఆమెకు తెలుస్తూనే ఉంది.

అప్పుడు వచ్చింది, పాతపేటలోనే కాపురముంటున్న అక్క ఫోను.

"ఒసేయ్, నేనే," అంది అక్క. పొద్దుటి నుంచి ఆ నంబరుకు ఎన్నిసార్లు కొట్టినా కలవలేదు. వాళ్లు అప్పుడే ఖాళీ చేసి వెళ్లిపోయి ఉంటారని తనకు తానే సర్ది చెప్పుకుంటూ వచ్చింది పటాలమ్మ. వెళ్లలేదు. అక్క అత్తగారు పక్షవాతంతో మంచాన ఉంది. ఆమెను వదిలి ఎలా వెళ్తారు? బావ లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు. అక్క ఒక్కతే అత్తగారిని దుప్పటిలో చుట్టి, ఈడ్చుకుంటూ మేడమెట్ల మలుపు దాకా తెచ్చింది. పాపను పైన వాటర్ ట్యాంకు దిమ్మె మీద కూర్చోబెట్టింది. అక్కడికి నిచ్చెన తప్ప మెట్లు లేవు. పెద్దావిడను ఆ మలుపు దాటి ఇంకో మెట్టు ఈడ్చే ఓపిక కూడా అక్కకు మిగల్లేదు. నీళ్లు ఆవిడ కాళ్లకు తగులుతున్నాయి. ఇదంతా అక్క గబగబా, ఇంట్లో గ్యాసు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది. భయపడితే ఆమె గొంతు అలాగే మారుతుంది.

"అక్కా, ఆ ఇల్లు పాతదా, కొత్తదా?"

"నాకేం తెలుసే. ఈమధ్యే కదా అద్దెకొచ్చింది. ఓనరు వేరే ఊళ్లో ఉంటాడు."

"గోడలెలా ఉంటాయి? లావుగానా?"

"లావే. కిటికీలో పాప కాళ్లు చాపుకుని చదువుకుంటుంది కదా, నువ్వూ చూశావు. ఎందుకే? బోటు పంపుతున్నావా లేదా?"

"పంపుతున్నా," అనేలోగా ఫోన్ తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

కిటికీలో మనిషి కూర్చునేంత లావు గోడలు ఇప్పుడెవరూ కట్టరు. పాతిల్లే. కానీ మేడ మీది రెయిలింగు స్టీలుది, నిగనిగలాడుతూ ఉంటుంది. అది కూడా ఆమె చూసింది. కానీ ఆ ఇంటికి వెళ్లింది ఒక్కసారే, అదీ రాత్రిపూట బావ వెనక బండి మీద, ఏ వీధో పటంలో గుర్తుపట్టలేదు. పెద్దసారు వైపు చూసింది. ఆయన తల అడ్డంగా ఊపారు, నాకు తెలియదన్నట్టు. ఆ వైపున ఉన్నది ఒక్కటే బోటు. రెండు చోట్లకూ ఒకేసారి వెళ్లలేదు.

"పాతదే," అని ఆమె వైర్‌లెస్‌లో చెప్పింది. "చుక్క నుంచి పడమరకి రెండు వీధులు. మా అక్క."

ఆ చివరి మాట అనకుండా ఉండాల్సిందని వెంటనే అనిపించింది. ఈలోగా మరో రెండు ఫోన్లు తీసింది, అడగాల్సింది అడిగింది, బోట్లకు చెప్పింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి.

మేస్త్రీ పిలిచాడు. ఈసారి గొంతు తగ్గించి మాట్లాడాడు.

"అమ్మా, ఇక్కడ మీ అక్క లేదు. ఒక టైలరు, ఆయన భార్య ఉన్నారు. అటక మీంచి పెంకులు తీసి చేతులూపుతున్నారు. వీళ్లు మీకు ఫోన్ చేశారా?"

వాళ్లు ఎవరికీ ఫోన్ చేయలేదు. ఫోన్ నీళ్లలో పడిపోయిందట. ఎవరూ వాళ్ల కోసం బయల్దేరి ఉండేవారు కాదు, ఎవరి జాబితాలోనూ వాళ్లు లేరు.

"ఎక్కించుకోమంటారా? ఎక్కించుకుంటే కాస్త ఆలస్యమవుద్ది. నీళ్లు అటక దాకా వచ్చేశాయి."

ఆమె చూపు తెర మీది అక్క ఇంటి చుక్క మీదికి వెళ్లింది. నిజానికి అందులో ఆలోచించాల్సిందేమీ లేదు, అయినా ఆలోచించింది. మేస్త్రీ మళ్లీ పిలిచాడు.

"ఎక్కించుకోండి," అంది. "ఎక్కించుకుని చుక్క మీదికి వెళ్లండి."

ఆ తరువాత చాలాసేపు వైర్‌లెస్ అటు నుంచి పలకలేదు. ఆమె పట్టికలో అక్క ఇంటి నంబరు వెతికి వివరాలు తెరిచింది. ఓనరు కింది గోడలు అలాగే ఉంచి పైన కొత్త అంతస్తు వేసుకుని, ఇంటిని కొత్తగా రాయించుకున్నాడు. ఆ చుక్క పెట్టినవాళ్ల పేరు దగ్గర ఆమె పేరే ఉంది. ఎప్పుడో ఒక మామూలు రోజున, టీ తాగుతూ పెట్టి ఉంటుంది. ఆమెకు గుర్తే లేదు. అడిగే తొందరలో ఈ వివరాలు తెరిచి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు మిగతా నంబర్లకు చూస్తే కొన్నిటికి పేరు ఉంది, చాలావాటికి అదీ రాలిపోయి ఖాళీగా ఉంది. అక్క ఇంటికి మాత్రం ఉంది.

"దొరికారమ్మా," అన్నాడు మేస్త్రీ చివరికి. "చుక్క మీదే ఉంది ఇల్లు. మీ అక్క, పాప బోటులో ఉన్నారు. బాగున్నారు." వైర్‌లెస్‌లో నీళ్ల చప్పుడు వినపడింది. "పెద్దావిడ పోయారమ్మా. మీ అక్క ఆవిడ తల నీళ్లపైన పట్టుకునే ఉంది. ఒళ్లింకా చల్లబడలేదు."

పెద్దసారు లేచి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డారు. లే, నేను చూసుకుంటా అన్నారు. ఆమె లేవలేదు. ఎదుట ఫోన్ మోగుతోంది. ఎత్తి, ఇల్లు పాతదా కొత్తదా అని అడిగింది. అవతలివాళ్లకు ఆ గొంతులో తేడా ఏమీ తెలిసి ఉండదు.

మర్నాటికి నీరు తగ్గుముఖం పట్టింది. గట్టు మీది బడిలో ఇల్లు పోయినవాళ్లందరినీ ఉంచారు. పటాలమ్మ వెళ్లేసరికి అక్క గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పాప ఆమె ఒళ్లో నిద్రపోతోంది. అక్క చెల్లెల్ని చూసి, "తిన్నావా?" అంది. రెండు చేతులూ చీర కొంగులో చుట్టుకుని ఉంది. విప్పి చూస్తే వేళ్లు వంగడం లేదు. అంతసేపు పట్టుకున్న చేతులు అవి.

బావ పొద్దెక్కాక వచ్చాడు. దారి తెగిన చోట లారీ వదిలేసి, నడిచీ, ఎవరి బండో ఎక్కీ వచ్చాడు. ముందు వెనక గదిలో దుప్పటి కప్పి ఉంచిన తల్లి దగ్గరికి వెళ్లాడు. చాలాసేపటికి బయటికి వచ్చి పాప తల నిమిరాడు. అక్కడున్నవాళ్లు తలో మాటా అన్నారు. విధి అన్నారు, అంత వరదలో ఎవరేం చేయగలరన్నారు. ఆయన అందరికీ తల ఊపాడు. ఆ మాటల చాటున ఉండిపోవచ్చు. పటాలమ్మకు ఆ సంగతి తెలుసు. బోటు ముందు ఎటు వెళ్లిందో అక్కకు కూడా పూర్తిగా తెలియదు.

"బోటు ఎందుకంత లేటైంది?" అని బావ ఎవరినని కాకుండా అడిగాడు.

"తప్పు వీధికి పంపాను బావా," అంది ఆమె. "నేనే. పాతిల్లనుకున్నా. నేరుగా పంపుంటే అత్తయ్య బతికేది."

అక్క తల ఎత్తి చూసింది. బావ మరదలి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇంటికి వచ్చినప్పుడల్లా మా మరదలికి ఊరంతా తెలుసు, వంటింట్లో ఉప్పు డబ్బా మాత్రం తెలియదు అని ఆటపట్టించే మనిషి.

"ఆ తప్పు వీధిలో ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారు. టైలరు, ఆయన భార్య."

"ఎక్కడ?"

ఆమె హాలు చివర కిటికీ దగ్గరున్న ఇద్దరిని చూపించింది. బావ మనుషుల మధ్య నుంచి జరుగుతూ అక్కడికి వెళ్లాడు. టైలరు భార్య ఎవరో తెలిసినవాళ్లనుకుని చాప మీద చోటిచ్చింది. ఆయన కూర్చున్నాడు. ఏదో అడిగాడు, వాళ్లు ఏదో చెప్పారు. టైలరు చేతులు తిప్పుతూ అటక మీంచి పెంకులు ఎలా తీశాడో చూపించాడు. బావ తల ఊపుతూ విన్నాడు. ఉన్నట్టుండి మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. సంగతి తెలియని ఆ భార్యాభర్తలు కంగారుపడి, ఆయన వీపు మీద చెయ్యి వేసి నిమురుతూ ఉండిపోయారు.

తిరిగి వచ్చి ఆయన చొక్కా చేతితో ముఖం తుడుచుకున్నాడు.

"ఏదో మాట్లాడదామని వెళ్లా. ఏం మాట్లాడాలో తెలీలేదు. తిన్నారా అని అడిగొచ్చా." వెనక గది వైపు చూశాడు. "నీ మీద కోపం లేదని చెప్పలేను. ఉంది. ఎప్పుడు పోద్దో నాకూ తెలీదు. ముందు అమ్మని తీసుకెళ్లాలి. మొయ్యడానికి నలుగురు కావాలి. మగవాళ్లంతా గట్టు పనిలో ఉన్నారు. నువ్వు పడతావా?"

అక్క పాపను పక్కన పడుకోబెట్టి, వంగని వేళ్లతోనే లేచింది. "నేనూ పడతా," అంది. నాలుగోవాడి కోసం బావ వెతకబోతుంటే, కిటికీ దగ్గర్నుంచి టైలరు లేచి వచ్చాడు.

పటాలమ్మ ముందువైపు ఎడమ పక్కన పట్టింది. పెద్దావిడ తేలిగ్గానే ఉంది. బడి గుమ్మం దాటాక బురదలో కాలు జారబోతే, వెనక నుంచి బావ "మెల్లగా, మెల్లగా" అన్నాడు.